లాన్ మోవర్‌కి పైజామా బొందు

అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో పక్కపక్కన ఇళ్ళు కొనుక్కున్నప్పుడు నా స్నేహితుడూ నేనూ కలిసి ఒకే లాన్ మోవర్ కొన్నాం. ఎమ్మెస్ చదివే రోజుల్లో ఒకే రైస్ కుక్కర్‌తో, ఒకే కారుతో బతికినవాళ్ళం. గడ్డికి రెండు మిషన్లెందుకు? ఈ దేశంలో నన్ను “ఒరేయ్” అనే మనిషి వాడొక్కడే. ఆ పిలుపు పోగొట్టుకోవడం ఇష్టంలేక చాలా వాటికి ఊరుకున్నాను. ఇది అందులో పెద్దది.

పని పంచుకోవడం దానంతటదే జరిగిపోయింది. మిషన్ బాగోగులు నావి, వాడకం ఇద్దరిదీ. కోత అయ్యాక అడుగున పేరుకున్న గడ్డి గీకడం, ఆయిల్ మార్చడం, చలికాలం ముందు ట్యాంకు ఖాళీ చేయడం, వేసవికి ముందు బ్లేడు విప్పి ఆకురాయితో పదును పెట్టడం. అడుగున చెయ్యి పెట్టేముందు స్పార్క్ ప్లగ్ వైరు తీసి పక్కన పెట్టేవాణ్ణి. అది తీశాక ఇంజన్ పొరపాటున కూడా స్టార్ట్ కాదు. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చీలుస్తుంది. చీలిన కొసలు ఎండి లాన్ అంతా గోధుమరంగుకి తిరుగుతుంది. ఇదంతా చెబుతుంటే వాడు శ్రద్ధగా విని, “ఒరే మెకానిక్కూ, అయిందా ప్రవచనం?” అనేవాడు.

మెయింటెనెన్స్‌లో వాడి వంతు దసరాకి వచ్చేది. ఆయుధపూజ. కార్లు అయ్యాక మోవర్‌కి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి ముందుకి తోసేవాడు. బొట్టుకి వాడు ఎంచుకున్న చోటు బ్లేడు పైమూత మీద అంటించిన హెచ్చరిక స్టిక్కర్. తిరిగే బ్లేడూ, పక్కనే తెగిన వేళ్ళూ ఉన్న బొమ్మ. కొన్ని దసరాలు గడిచేసరికి ఆ వేళ్ళు కుంకుమ కింద కనబడకుండా పోయాయి. భక్తి విషయంలో మావాణ్ణి తప్పుపట్టలేం.

ఇబ్బందల్లా హ్యాండిల్ దగ్గర వచ్చింది. హ్యాండిల్‌ని ఆనుకుని ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. రెండూ కలిపి పట్టుకున్నంతసేపే ఇంజన్ నడుస్తుంది, కడ్డీ వదిలితే ఆగిపోతుంది. మనిషి పక్కకి వెళితే బ్లేడు తిరగకూడదని ఆ ఏర్పాటు. మావాడు శనివారాలు ఆన్‌కాల్, ఆఫీసు నుంచి ఎప్పుడు ఫోనొచ్చినా ఎత్తాలి. గడ్డి కోస్తుంటే ఫోనొచ్చేది. కడ్డీ వదిలితే మోవర్ ఆగేది. అవతలివాడి చేత సర్వర్ రీస్టార్ట్ చేయించి వచ్చి, దీన్ని రీస్టార్ట్ చేయడానికి భుజం ఊడేలా తాడు లాగేవాడు. ఒక వేసవిలో విసుగెత్తి, పాత పైజామాలోంచి బొందు లాగి కడ్డీని హ్యాండిల్‌కి కట్టిపడేశాడు. ఇక మోవర్‌ని లాన్ మధ్యలో నిలబెట్టి, ఇంజన్‌ని దాని మానాన నడవనిచ్చి, గరాజ్‌లో తీరిగ్గా ఫోన్ మాట్లాడుకునేవాడు.

నేను చూసినప్పుడల్లా విప్పేవాణ్ణి. వాడు మళ్ళీ కట్టేవాడు.

“చెయ్యి పోతుందిరా.”

“పోతే నాదేగా బావా.”

“మీ ఆవిడకి చెబుతాను.”

“చెప్పు. నువ్వు సిగరెట్ మానలేదని నేనూ మీ ఆవిడకి చెబుతా.”

సంధి కుదిరింది.

ఒక జులై మధ్యాహ్నం, వాన అప్పుడే వెలిసింది. తడిగడ్డి కోయకూడదు. కానీ మర్నాడు వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం, వచ్చేవాళ్ళు లాన్ చూస్తారని వాడు మోవర్ తీశాడు. నేను మా డ్రైవ్‌వేలో కారు కడుగుతున్నాను. గడ్డి ముద్దలై, బయటికి చిమ్మే మూతి దగ్గర అడ్డుపడింది. మావాడు బ్లూటూత్‌లో ఎవరిమీదో అరుస్తూనే వంగి, అందులో చెయ్యి పెట్టాడు.

నేను పరుగెత్తి బొందు లాగేశాను, ఇంజన్ ఆగింది. వాడి చేతికి టవల్ చుడుతుంటే వాళ్ళావిడ ఇంట్లోంచి పరుగున వస్తోంది. ఈ నొప్పిలో పెళ్ళాం చేత తిట్లు కూడా ఎందుకులే అనిపించి, బొందు జేబులో కుక్కుకున్నాను. హాస్పిటల్‌లో చెత్తబుట్టలో పారేశాను. స్నేహమంటే అదే అనుకున్నాను.

కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. కుట్లు వేశాక వాళ్ళావిడ, “వదిలేస్తే ఆగిపోతుందన్నారుగా అది?” అని అడిగింది.

వాడు సీలింగ్ వైపు చూస్తూ, “వదిలానే. ఆగలేదు. మొన్న వీడేదో విప్పి బిగించాడు,” అన్నాడు.

ఆవిడ నావైపు తిరిగింది. “సర్వీస్ చేశారా అన్నయ్యగారూ?”

“చేశానమ్మా,” అన్నాను. చేశాను మరి.

మర్నాడు వాణ్ణి ఒంటరిగా పట్టుకున్నాను. “బొందు సంగతేంట్రా?”

“నొప్పిలో ఏదో నోటికొచ్చింది బావా. చెప్తాలే, కాస్త సద్దుమణగనీ.”

“ఎప్పుడు?”

“కట్టు విప్పాక.”

కట్టు విప్పారు. ఈలోపు కథ చుట్టుపక్కల నాలుగు కాలనీలు తిరిగొచ్చింది. నేను పెరట్లో బార్బెక్యూ గ్రిల్ వెలిగిస్తే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి పిలవసాగారు. ఒకాయన తన కారు ఆయిల్ ఎవరు మారుస్తారో చెబుతూ, నేను కాదని మరీ గుర్తుచేశాడు. మా ఆవిడకి నిజం తెలుసు. “మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?” అంది. వాడే చెబుతానన్నాడని ఆపాను. వాడు చెప్పలేదు. కనబడితే “ఏంటి సార్, బిజీనా?” అనడం మొదలుపెట్టాడు. గడ్డికి మనుషుల్ని పెట్టుకున్నాడు. మోవర్ పూర్తిగా నాదైంది.

రెండేళ్ళకి వాడికి కాలిఫోర్నియాలో, శాంటా క్లారాలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఈ రాత్రయినా చెబుతాడని ఆశపడ్డాను. ఆశపడ్డానని మా ఆవిడకి కూడా చెప్పలేదు. వడ్డిస్తూ వడ్డిస్తూ వాళ్ళావిడ నా దగ్గర ఆగింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అన్నయ్యగారూ, ఆ మోవర్ సంగతి మేమెప్పుడో మనసులోంచి తీసేశాం. కావాలని చేశారా ఏంటి? మీరు కూడా ఇంక బాధపడకండి.”

మా ఆవిడ చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. మావాడు సాంబారులో ములక్కాడ ముక్క కోసం చాలా జాగ్రత్తగా వెతుకుతున్నాడు.

“థాంక్సమ్మా,” అన్నాను.