ప్లగ్గు తెల్లగా ఉందని చెప్పని ఆదివారం

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున వసారాలో పాత పేపరు పరిచి, దాని మీద నాలుగు స్పార్క్ ప్లగ్గులు వరసగా పెట్టేవాడు మా నాయన. నేను పక్కన గొంతుక్కూర్చునేదాన్ని.

మాది డోన్. నాయన స్టేషను దగ్గర బాడుగ కారు తోలేవాడు. అమ్మకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఆలూరు చేను అమ్మి కొన్న పాత పెట్రోలు కారు. మా ఇంటికి ఆధారం అదొక్కటే... అది ఆగితే పొయ్యి ఆగినట్టే.

ప్లగ్గు కొన చూస్తే ఇంజను లోపల మంట ఎలా ఉందో తెలుస్తుంది. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. మెకానిక్కులు దాన్ని రిచ్ అనేవాళ్ళు. సున్నం కొట్టినట్టు తెల్లబడితే పెట్రోలు చాలడం లేదని, అది లీన్. మసి పట్టిన ప్లగ్గును తుడుచుకోవచ్చు. తెల్లబడితే మాత్రం వేడి ఎక్కువై ఇంజనే కాలిపోతుంది. ఇటుక రంగులో ఉంటే నిశ్చింత. నాకు ఎక్కాలకన్నా ముందు వచ్చిన పాఠం ఇది.

రంగు చెప్పే పని నాది. నాయనకు చత్వారం వచ్చింది, దగ్గరివి మసక. అయినా కళ్ళద్దాలు కొనడు. అద్దాలు పెట్టుకున్న డ్రైవరు కారు జనం ఎక్కరని ఆయన నమ్మకం.

ఒకసారి బాడుగ కార్ల స్టాండులో ఎవరో ఒక ఉపాయం చెప్పారు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉంటుంది, జెట్టు అంటారు. అందులో ఒక రాగి తీగ పోగు దూర్చితే కారు తక్కువ తాగుతుందని. నాయన దూర్చాడు. నీళ్ళైనా పెట్రోలైనా తక్కువతో గడిపేవాడే మా సీమలో మొనగాడు... మైలేజీ నిజంగానే పెరిగింది. స్టాండులో తోటి డ్రైవర్లు వచ్చి అడుగుతుంటే ఆయన నడకే మారిపోయింది. అమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది. ప్లగ్గు తెల్లబడిన రోజు ఆ పోగు పీకేయాలి.

ఆ ఆదివారం నాలుగూ తెల్లగా ఉన్నాయి.

"ఇటికె రంగే కదా పాపా?" అన్నాడు నాయన, నవ్వుతూ. అమ్మ గడపలో నిలబడి వింటోంది. ఆ నవ్వు చెడగొట్టబుద్ధి కాలేదు నాకు. ఇటుక రంగే అన్నాను.

మరుసటి రోజు బజారులోని ఒక శెట్టిగారి కుటుంబాన్ని అహోబిలం తీసుకుపోయాడు. బడికి సెలవని నన్నూ ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. చదును రోడ్డు మీద కారు బాగానే పోయింది. ఎగువ అహోబిలం ఎక్కేటప్పుడు మొదలైంది... టపటపమని దగ్గు, లాగడం లేదు, మాడు వాసన. సగం ఎత్తులో ఆగిపోయింది. శెట్టిగారి వాళ్ళు దిగి, వెనక వచ్చిన జీపు ఎక్కి వెళ్ళిపోయారు.

ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన మెకానిక్ ఇంజను విప్పి చూసి, వాల్వులు కాలిపోయాయనీ, ఒక పిస్టనుకు బొక్క పడిందనీ చెప్పాడు. నాయన రోడ్డు పక్క బండ మీద కూర్చున్నాడు. నన్ను దగ్గరికి పిలిచి అడిగాడు.

"నిన్న ఏం రంగుండె పాపా?"

తెల్లగా ఉన్నాయని చెప్పాను. ఏడుపు వచ్చింది. కొడతాడనుకున్నాను.

"నీ తప్పేం ల్యా. నాకు ఏది కావల్లనో ముందే నీ నోటికి అందిస్తి. అట్ల అడిగితే ఎవురు సెప్తారు నిజం?"

ఆరు నెలలు కారు మా ఇంటి ముందు కదలకుండా ఉంది. నాయన ఎవరిదో లారీ తోలాడు. కర్నూలు పోయి కళ్ళద్దాలు కొన్నాడు. కారు బాగయ్యాక ప్లగ్గులు తనే చూసుకోవడం మొదలుపెట్టాడు. నన్ను మళ్ళీ పిలవలేదు... అసలు శిక్ష అదే అనిపించింది నాకు.

ఇప్పుడు నా కారులో జెట్టూ లేదు, పోగు దూర్చడానికి రంధ్రమూ లేదు. పెట్రోలు ఎంత, గాలి ఎంత అన్నది కంప్యూటరే చూసుకుంటుంది. దానికి ఎవరి మొహమూ చూడాల్సిన పని లేదు, అందుకే పొరపాటు చేయదు. మంచిదే. నాయన పోయి చాలా ఏళ్ళయింది... ఎవరైనా ఏదైనా ఎలా ఉందని అడిగితే, నేను మాత్రం ఇప్పటికీ అడిగినవాళ్ళ మొహమే ముందు చూస్తున్నాను.

మీరూ ఎవరి నవ్వు కోసమైనా అబద్ధం చెప్పారా? ఎంత ఖరీదు పడింది? ఈడ సిగ్గుపడాల్సిన పని లేదు, రాయండి...