కాలి బొటనవేలికి దారం

రిటైరైన మగవాడు ఏం చెయ్యాలో మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు. పొద్దున గుడి, సాయంత్రం పురాణ కాలక్షేపం, మధ్యలో బీపీ మాత్ర. ఈ మూడింట్లో మధుసూదనరావు ఒప్పుకున్నది మాత్ర ఒక్కటే.

ముప్పై మూడేళ్ళు ఆయన పశువుల ఆస్పత్రి కాంపౌండరు. పెదపారుపూడిలో కొన్నాళ్ళు, నందివాడలో కొన్నాళ్ళు. పొగరుమోతు గేదెని ఒంటి తాడుతో నేలకు దించడంలో ఆయనంతటివాడు ఆ చుట్టుపక్కల లేడు. 1998లో రిటైరై గుడివాడలో సొంతిల్లు చేరాడు. ఏడాది తిరక్కుండా భార్య అనసూయకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయిపోయింది. విజయవాడ డాక్టరు పరీక్ష చేసి, "కాలు కోలుకుంటుంది. చెయ్యి సంగతి చెప్పలేను. మాట మాత్రం ఆవిడ చేతుల్లోనే ఉంది. రోజూ గంటసేపు పైకి చదివించండి" అన్నాడు.

అనసూయకు పూలు లేకపోతే తల దువ్వుకున్నట్టే ఉండదు. దొడ్డినిండా కనకాంబరాలు, మరువం, ఎండాకాలం వస్తే మల్లె. నలభై ఏళ్ళుగా తన పూలు తనే కట్టుకుంది. మధుసూదనరావు ఓ వారం బజార్లో మూరలు కొనుక్కొచ్చాడు. ఆవిడ ఎడంచేత్తో అందుకుని, వాసన చూసి, కిటికీలో పెట్టేసింది. ఎనిమిదో రోజు ఆయనే దొడ్లోకెళ్ళి పూలు కోసుకొచ్చి, దారపుండ ముందేసుకు కూర్చున్నాడు.

గేదె లొంగింది గానీ కనకాంబరం లొంగలేదు. పట్టుకుంటే నలిగేది, వదిలితే జారేది. చివరకు ఆడవాళ్ళు చేసినట్టే దారం కాలి బొటనవేలికి తగిలించుకుని, బిగువుగా లాగిపట్టి కట్టడం మొదలెట్టాడు. అనసూయ చూసి చూసి, "వదులు" అంది. జబ్బు చేశాక ఆమె నోట స్పష్టంగా వచ్చిన మొదటి మాట అది. రెండోది "ఛ". మూడోది "బిగించండి". తను పూలు కట్టే తీరు మీద పెళ్ళానికున్న కోపమే మంచి మందని కాంపౌండరు కనిపెట్టాడు.

చదువు కూడా అక్కడే మొదలైంది. గోడకేసి చూస్తూ పైకి చదవమంటే ఎవరికైనా విసుగే. వినేవాడొకడు కావాలి. ఆయన కడుతుంటే ఆమె చదివేది. వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి దాచి, కట్టకట్టి బైండు చేయించిన పుస్తకాలు ఆమెకు ఓ బీరువా నిండా ఉన్నాయి. కథ ఓ పేజీ, వెనక్కి తిప్పితే కొబ్బరినూనె ప్రకటన, పక్కన సగం తెగిన వంటల శీర్షిక. ఆమె చూపు కూడా కొంత దెబ్బతింది. ఇంటి మధ్యగదిలో అక్షరం ఆనేది కాదు. వెలుతురున్నది వీధి అరుగు మీదే. అలా రోజూ మూడు నుంచి అయిదు దాకా అరుగు మీద ఆమె చదువు, ఈయన పూలు.

ఎదురింటి ఎలీసబెతు వచ్చి మెట్టు మీద కూర్చునేది. నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఓరోజు పుస్తకంలో ఒక సంచిక లేదు. డెబ్భై ఏడు తుఫాను వారం పత్రిక ఊరు చేరలేదు మరి. లేని భాగం అనసూయ సొంతంగా చెప్పుకురావాలి. ఒకప్పుడైతే అరగంట చెప్పేది. ఇప్పుడు చాలాసేపు వెతుక్కుని, "పెదనాన్న... చచ్చాడు" అని తేల్చేసి పేజీ తిప్పింది.

రెండు పేజీలయ్యాక ఎలీసబెతు చెయ్యెత్తింది. "ఆగండాగండి వదినగారూ. చచ్చినాయన కాఫీ తాగుతున్నాడేంటండీ?"

అనసూయ పుస్తకంలోకి తేరిపార చూసి, "ఆఖరి... కాఫీ" అంది. ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

ఈ నవ్వు నాలుగిళ్ళవతలికి వినపడింది. అక్కడ అనసూయ తమ్ముడు శోభనాద్రి ఉంటాడు. రైసుమిల్లు, తెల్ల చొక్కా, ఊళ్ళో నలుగురిలో ఒకడు. మర్నాడు వచ్చి అరుగు ఎక్కకుండానే నిలబడ్డాడు.

"ఏంటి బావా ఇది? మగాడివి, కాలికి దారం కట్టుకుని వీధిలో! పూలు కట్టి బతికేవాళ్ళు వేరే ఉన్నారు కదా."

"వాళ్ళ దగ్గర కొన్నాన్రా. మీ అక్క వంక పెట్టింది."

"కాలితో కట్టినవి దేవుడికి పనికొస్తాయా అసలు?"

"దేవుడు అడగలేదు శోభనాద్రీ. మీ అక్క అడిగింది."

శోభనాద్రికి నవ్వు రాలేదు. మిల్లు దగ్గర జనం తనని 'పూలాయన బావమరిది' అంటున్నారట. కట్టుకుంటే కట్టుకోండి, లోపల కూర్చోండి అన్నాడు. వేరేవాళ్ళెవరో పండించిన బియ్యం అమ్మితే రాని చిన్నతనం సొంత భార్యకు పూలు కడితే ఎలా వస్తుందో మధుసూదనరావుకి బోధపడలేదు. అయినా మొహమాటపడ్డాడు. వానాకాలం కూడా వచ్చింది కదా అని లోపలికి మారాడు.

అది ఆయన చేసిన తప్పు. మధ్యగదిలో లైటేసుకుని అనసూయ మొదటి రోజు అరపేజీ చదివింది, రెండో రోజు పావు. వారానికి పుస్తకం తెరవడం మానేసింది. పదో రోజు దాహమేస్తే గ్లాసు వైపు వేలు చూపించింది. 'నీళ్ళు' అని పిలిచి మరీ అడిగే మనిషి. పదకొండో రోజు జల్లు పడుతుండగానే ఇద్దరికీ కుర్చీలు అరుగు మీద వేశాడు. ఆమె మాట మళ్ళీ దార్లో పడడానికి రెండు నెలలు పట్టింది.

మరుసటి ఫిబ్రవరిలో శోభనాద్రి మళ్ళీ వచ్చాడు. కొడుకు అభినవ్‌కి బందరు సంబంధం. ఆడపిల్లవాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారు, ఈ వీధిలోంచే రావాలి. "ఆదివారం ఒక్కపూట బావా. నాలుగింటి నుంచి అయిదింటిదాకా లోపలుండండి, చాలు" అన్నాడు. ఈసారి గొంతులో పెత్తనం లేదు, బతిమాలుతున్నాడు. ఒక్కపూటకేం పోయింది అని ఎవరైనా అంటారు. ఒక్కపూట అంటే ఏమిటో మధుసూదనరావుకి తెలుసు. భార్య వైపు చూశాడు. ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "చదువుతా" అంది.

ఆదివారం నాలుగింటికి టాటా సుమో వచ్చింది. ముందర గడ్డి ట్రాక్టరు అడ్డం పడి, సరిగ్గా ఈ అరుగు ముందే ఆగిపోయింది. అద్దాలు దించి ఉన్నాయి. లోపల్నుంచి పట్టుచీరలో ఉన్న ఒకావిడ తొంగిచూసింది. పంచె మడిచి, కాలు చాపి, బొటనవేలికి దారంతో అరవయ్యేళ్ళ మనిషి. మధుసూదనరావు చెయ్యి తనంతట తనే కాలివేలి వైపు వెళ్ళింది. దారం జారవిడిస్తే అయిపోతుంది, ఉత్తినే కూర్చున్న పెద్దమనిషిలా కనపడతాడు. అప్పటికి అనసూయ 'నిశ్చయించుకున్నది' అన్న మాట దగ్గర ఇరుక్కుని ఉంది. "నిశ్చ... నిశ్చయిం..." ఎడంచేత్తో పుస్తకం మీద చిన్న దెబ్బ వేసి, "మీరు కట్టండి" అంది. ఆయన మరో రెండు పూలు దారం మీద పెట్టి ముడి బిగించాడు. ట్రాక్టరు కదిలే సరికి ఆమె ఆ మాట దాటేసి, తరవాతి వాక్యంలో ఉంది.

సంబంధం నిశ్చయమైంది. బందరువాళ్ళు పూల సంగతి ఎత్తనేలేదు. అయినా శోభనాద్రికి చల్లారలేదు. మే నెలలో పెళ్ళి పిలుపులకు బయల్దేరి, అందరిళ్ళూ అయ్యాక చివరికి ఆడవాళ్ళని వెంటబెట్టుకోకుండా తనే కుంకుమ భరిణె పట్టుకుని అక్క దగ్గరకొచ్చాడు. పెళ్ళికొడుక్కి సొంత మేనత్త. బొట్టు పెట్టి పిలవందే కదలకూడదు. పిలిస్తే ఆ పెళ్ళిపందిట్లో ఆమెదే పెద్దరికం.

"అక్కా, పెళ్ళికి ఊరంతా వస్తారు. ఇహ నుంచి లోపలే కూర్చుంటామని ఒక్కమాట చెప్పు. బొట్టు పెడతాను."

మధుసూదనరావు నోరు తెరవబోయాడు. అనసూయ ఆయన మోకాలు నొక్కింది. అభినవ్‌ని ఎత్తుకు పెంచిన మనిషి. వాడికి గోరుముద్దలు తినిపించిన చెయ్యే ఇప్పుడు ఒళ్ళో పడి ఉంది. ఆమె మాట కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. శోభనాద్రి కూడా ఓపిగ్గానే ఆగాడు, ఆ మాత్రం ఒప్పుకోవాలి.

"పెళ్ళి... ఒక్కరోజు రా," అంది. మళ్ళీ ఊపిరి తీసుకుంది. "ఇది... రోజూ."

"అంటే?"

"అంటే... వెళ్ళు. ఎండగా ఉంది. మజ్జిగ... తాగి వెళ్ళు."

శోభనాద్రి భరిణె మూతపెట్టి, మజ్జిగ తాగకుండా వెళ్ళిపోయాడు. చల్లపల్లి నుంచి కూతురు శ్రీలేఖ ఫోన్ చేసి ఏడ్చింది. "పోనీ మావయ్య మాట వినొచ్చుగా నాన్నా, రేపు నలుగురూ ఏమనుకుంటారు?" మధుసూదనరావు రిసీవరు తీసుకెళ్ళి భార్య చెవి దగ్గర పెట్టాడు. ఆమె కూతురికి గుక్కతిప్పుకోకుండా రెండు నిమిషాలు చివాట్లు పెట్టింది. అవతల శ్రీలేఖ ఏడుపు ఆపి, "అమ్మా, నువ్వేనా మాట్లాడేది!" అంది.

పెళ్ళినాడు వీధంతా ఖాళీ. ఎలీసబెతుకి కూడా శుభలేఖ వచ్చింది. ఆవిడ పట్టుచీర కట్టుకుని బయల్దేరి, అరుగు దాకా వచ్చి, చెప్పులు విడిచి మెట్టు మీద చతికిలబడింది.

"వెళ్ళట్లేదా సిస్టరుగారూ? భోజనాలు బ్రహ్మాండమట," అన్నాడు మధుసూదనరావు.

"నిన్న సీరియల్లో ఆ పిల్ల రైలెక్కిందో లేదో చెప్పకుండా ఆపేశారు. నాకు అన్నం సయిస్తుందా అన్నయ్యగారూ?"

అనసూయ ఆ పూట వాలుజడ నిండా మల్లెలు పెట్టించుకుంది. ఆయన పొద్దుటి నుంచీ కడుతూనే ఉన్నాడు. నాలుగున్నరకు పెళ్ళికొడుకు ఊరేగింపు వీధి మొగలోకి వచ్చింది. ముందు బ్యాండు, వెనక పూలకారులో అభినవ్, పక్కన నడుస్తూ శోభనాద్రి. డప్పుల దెబ్బకు అరుగు మీది గ్లాసులు అదిరాయి. ఆమె మాట సగంలో తెగింది. కళ్ళు కారు వైపు వెళ్ళాయి. కారులోంచి అభినవ్ చెయ్యెత్తాడు. ఎడంచెయ్యి ఎత్తి ఆమె దీవించింది. ఒక చుక్క నీరు జారి పుస్తకం మీద పడింది.

"వాళ్ళు దాటిపోయేదాకా ఆగుదామా?" అన్నాడు మధుసూదనరావు, మెల్లిగా.

"ఎందుకు?" అంది అనసూయ. మోచేత్తో పేజీ అదిమిపట్టి, బ్యాండుని మించిన గొంతుతో ఆ పిల్లని రైలెక్కించింది.