మా మేనత్త కట్టిన చిత్రభాను పాట

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఎల్లారెడ్డి బస్సు డ్రైవరు చెప్పాడు. రోహిణి కార్తె ఎండలో, కామారెడ్డి స్టేషన్ గూడ్సు షెడ్డు ముందు నేను పత్తి బేళ్లు దింపిస్తున్నాను. అతను దగ్గరికొచ్చి, "మీ అత్త పోయిందట అన్నా" అన్నాడు. ఏడుపు రావలసిన చోట నా నోట్లోంచి, "చూసినవా, విన్నవా?" అన్న మాట వచ్చింది. అతను తల దించుకుని "విన్న" అన్నాడు.

ఆ ప్రశ్న నాది కాదు, ఆమెదే. దేశంలో ఏం జరిగిందని ఎవరు చెప్పినా ఆమె మొదట అడిగేది అదే. అందుకే బస్సులో కూర్చుని, ఇంకా ఇది విన్నమాటే కదా అని నన్ను నేను బుజ్జగించుకున్నాను. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు దొరక్క, మా బస్సుకు వెనకాల బొగ్గు గ్యాసు పుట్టించే డబ్బా తగిలించారు. ఎత్తు వస్తే చాలు, ఆయాసపడి ఆగిపోతుంది. లింగంపేట దాటాక అందరం దిగి తోశాం. మామూలుగా అయితే డ్రైవరును నాలుగు తిట్టేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఇంకో చోట కూడా ఆగిపోతే బాగుండునని అనుకున్నాను. ఎల్లారెడ్డిలో దిగి ఆమె ఇంటి ముందు అన్ని జతల చెప్పులు చూశాక ఆ ఆశ కూడా పోయింది.

ఆమె మా నాయనకు అక్క. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, నాకు బావ, బొంబాయిలో బట్టల మిల్లులో పనిచేస్తాడు. ఆమె నాట్లకు పోయేది. ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్ల వరుసకు పాట ఎత్తే మనిషి ఆమే. ఆమె ఒక చరణం ఎత్తితే వరుసంతా అందుకుని ఒక్క అడుగు వెనక్కి వేసేది. పాట ఆగితే చేతులూ ఆగేవి. "వంగిన నడుము ఊకె ఉండదు అల్లుడా, దానికి ఏదన్న ముచ్చట చెప్తనే ఉండాలె" అనేది.

ఆ ముచ్చటే ఆమె గొప్పతనం. అందరూ పాడే పాటలు ఆమెకు నచ్చేవి కావు. ఉగాది నుంచి ఉగాది దాకా దేశంలో ఏమేం జరిగిందో అదంతా చేర్చి, ఏటికొక కొత్త పాట కట్టేది. అక్షరం ముక్క రాదు. ఆమెకు పేపరూ రేడియో అన్నీ నేనే. నాది స్టేషన్లో పని కాబట్టి, రైళ్లలో వచ్చేపోయే వాళ్ల దగ్గర నేను విన్నదంతా సెలవు దొరికినప్పుడు పోయి ఆమెకు అప్పజెప్పాలి. అబ్బబ్బ, ఎంత విసిగించేదో! గడప దాటి కాళ్లు కడుక్కోకముందే, "ఏందిరా, దేశంల ఏమైంది?" అని మొదలుపెట్టేది. అన్నం పెట్టు తల్లీ అంటే, చెప్పినంక పెడ్త అనేది.

చరణం చివర మాత్రం నిజాయితీగా తీర్పు చెప్పేది. ఎవరైనా కళ్లారా చూసి చెప్పిందైతే "చూసినమాటే చెల్లెలా" అని ముగించేది. గాలికి వచ్చిందైతే "విన్నమాటే చెల్లెలా" అనేది. మా స్టేషన్ మాస్టరు కూడా ఇంత జాగ్రత్తగా మాట్లాడడు.

పోయిన ఏడు, చిత్రభాను నామ సంవత్సరంలో, ఆమె పాటకు సరుకు కరువు లేకపోయింది. ఉగాది వెళ్లగానే తూర్పు సముద్రం ఒడ్డున మన తెలుగు ఊళ్ల మీద జపాను వాళ్ల బాంబులు పడ్డాయి. బర్మా నుంచి మనవాళ్లు అడవుల్లో నడిచి, దారిలో బిడ్డల్ని పోగొట్టుకుని తిరిగి వచ్చారు. ఇంగ్లండు సీమ నుంచి దొర ఒకాయన వచ్చి నాయకులతో మాట్లాడి ఉత్త చేతులతో పోయాడు. కిరసనాయిలు మాయమైంది. నేను చెప్పడం, ఆమె అడగడం, మర్నాటికి అది పాటలో ఉండటం. బర్మా నుంచి నడిచొచ్చిన ఒకాయన మా స్టేషన్లో దిగితే నేనే నీళ్లిచ్చాను. ఆ సంగతి చెబితే, "అయితే ఇది చూసినమాటే" అని ఆమె ముఖం వెలిగింది, వెంటనే కళ్లు నిండాయి.

ఆ ఏడు వానలు ఆలస్యమై శ్రావణంలో కూడా నాట్లు సాగుతున్నాయి. బొంబాయిలో పెద్ద నాయకులందర్నీ పట్టుకుపోయారనీ, వీధుల్లో తుపాకులు పేలుతున్నాయనీ, రైళ్లు ఎక్కడికక్కడ ఆగిపోతున్నాయనీ కబురొచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పకుండా ఎట్లా ఉంటాను? నేరుగా పొలం గట్టు మీదికే పోయాను. ఆమె నడుము ఎత్తలేదు.

"చూసినవా, విన్నవా?"

"విన్న అత్తా. బొంబాయి తొవ్వల మన్మాడ్ దిక్కు నుంచి బండ్లు సరిగా వస్తలేవు."

"మీ బావ?"

"ఏం తెలుస్తలేదు."

ఆమె గొంతు సవరించుకుని ఆ కబురును కూడా అప్పటికప్పుడు పాటలో కలిపింది. "బొంబాయి వీధుల్ల తుపాకులు మోగె, విన్నమాటే చెల్లెలా." వరుస అందుకుంది.

మడి చివరికి వచ్చినప్పుడు మా దగ్గర ఒక దీవెన ఉంటుంది. పాట ఎత్తే మనిషి వరుసలో ఒక్కొక్కరి పిల్లల పేరు పిలుస్తుంది. వరుసంతా "సల్లగుండాలె" అని బదులిస్తుంది. ఆ బిడ్డ తల్లి మాత్రం నోరు విప్పకూడదు. తల్లి నోటితో అంటే దిష్టి అని పట్టింపు. పాట ఎత్తేది మా అత్తే కాబట్టి, ఆమె కొడుకు పేరును మాత్రం పక్కన ఉండే పొరుగింటి చిన్నవ్వ పిలుస్తుంది. అప్పుడు అత్త చేతిలో నారు పట్టుకుని కదలకుండా ఊరుకుంటుంది.

ఆ సాయంత్రం అందరి పిల్లలూ అయిపోయారు. చిన్నవ్వ బావ పేరు పిలిచింది. వరుస బదులు పలికేలోపే మా అత్త "సల్లగుండాలె!" అని కేక పెట్టింది. ఆ కేక చెరువు కట్ట దాకా వినిపించి ఉంటుంది. వరుసంతా తలలెత్తింది.

"ఏందక్కా, గిదేంది? తల్లివి నువ్వు నోరు పెట్టొచ్చునా?" అంది చిన్నవ్వ.

"ఆగలేదే" అంది అత్త. "నోరు ఆగలే."

ఆ తర్వాత ఆమె పాట ఎత్తలేదు. నేను దగ్గర కూర్చుని పోట్లాడాను. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. "నీ కొడుకు బాగుండాలని అంటివి. తిట్టలే, శపించలే. గదెట్ల తప్పైతది?" అని గట్టిగా అడిగాను. ఆమె నన్ను కోప్పడలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

"దీవెన పదిమందిది అల్లుడా" అంది. "తల్లి నోట్ల నుంచి వచ్చేది దీవెన గాదు, భయం. నా భయం మడంత ఇనవడ్డది. ఇంకా దేవునికి ఇనవడకుంట ఉంటదా?"

ఇక ఆమెకు కాలు నిలవలేదు. పొద్దున బస్సెక్కి కామారెడ్డి వచ్చేది. మన్మాడ్ బండి వచ్చే వేళకు ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగేది. బండి ఆగకముందే డబ్బాలోకి తొంగి చూసేది. దిగినవాడి చేతిలో మూట కనిపిస్తే చాలు, "బొంబాయి నుంచా కొడుకా?" అని పట్టుకునేది. బండి రాకపోతే మా స్టేషన్ వాళ్లతో తగువు. "బండి రాకుంటే మీరెందుకున్నరు ఈడ?" అని పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌ను నిలదీసింది. నేను సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. తర్వాత ఆ సిగ్గు కూడా పోయి, నేనూ ఆమె పక్కన నిలబడి డబ్బాలు చూడటం మొదలుపెట్టాను. ఇంట్లో ఉన్నా, పనిలో ఉన్నా బండి కూత వినిపిస్తే తలెత్తి స్టేషన్ దిక్కు చూసేవాణ్ణి. నిద్ర సరిగా పట్టేది కాదు.

చలికాలంలో ఒకాయన దిగాడు. లింగంపేట వాడు, అదే మిల్లులో పని. బావ ఉండే గల్లీలో దొరికినవాళ్లను దొరికినట్టు జైలుకు తీసుకుపోయారని, అందులో మా బావ కూడా ఉన్నాడని చెప్పాడు.

"చూసినవా కొడుకా?"

ఆయన తడబడ్డాడు. "విన్ననవ్వా. నీ కొడుకు పక్క ఖోలీల ఉండే వాండ్లు చెప్పిన్రు."

ఆమె తన మూటలో బావ కోసం తెచ్చిన జొన్నరొట్టె అతని చేతిలో పెట్టింది. అతను పోయాక నా వైపు తిరిగింది. "విన్నదానికి నవ్వాల్నారా, ఏడ్వాల్నా?" అంది.

ఆమెను మళ్లీ పాటలోకి లాగాలని నేను కబుర్లు మోస్తూనే ఉన్నాను. బెంగాల్లో పెద్ద తుఫాను వచ్చి ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయన్నాను. కలకత్తా మీద బాంబులు పడ్డాయన్నాను. చూసినవా విన్నవా అని కూడా అడగలేదు. "వాండ్ల తల్లులు ఏం జేస్తున్నరో" అని మాత్రం అంది. పుష్యంలో రెండో పంటకు, యాసంగి నాట్లకు పోయింది కానీ వరుస చివర నిలబడి, దీవెన వేళకు గట్టెక్కి దూరంగా పోయేదట. ఎండాకాలంలో జ్వరం పట్టుకుంది. జ్వరంలో కూడా బండి వేళ అడిగిందని చిన్నవ్వ చెప్పింది. నేను పోయేసరికి అంతా అయిపోయింది.

ఇది రాయడానికి నాకు ఇన్నాళ్లు చేతులు రాలేదు. ఆషాఢంలో మొదటి వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం మన్మాడ్ బండి వచ్చింది. అలవాటు చొప్పున తలెత్తాను. మూడో తరగతి డబ్బాలోంచి బావ దిగాడు. గడ్డం పెరిగి, చొక్కా లోపల మనిషి లేనట్టు చిక్కిపోయి ఉన్నాడు. నేను చూశాను. విన్నది కాదు, నా రెండు కళ్లతో చూశాను! ఆ మాట ఎవరికి అరిచి చెప్పాలో ఆ మనిషి మాత్రం ప్లాట్‌ఫారం మీద లేదు.

"గల్లీల నిలబడ్డందుకే పట్టుకపోయిన్రు బామ్మర్దీ" అన్నాడు. "వానలు వడ్డయి గదా, అమ్మ నాట్లకు పోయి ఉంటది. గిట్లనే పొలం కాడికి పోదాం పా."

చెప్పాను. ఎట్లా చెప్పానో నాకు గుర్తు లేదు. బావ పత్తి బేలు మీద కూర్చుని, బస్సు వచ్చేదాకా లేవలేదు.

మర్నాడు ఇద్దరం పొలం గట్టు మీదికి పోయాం. వరుసలో చిన్నవ్వ పాట ఎత్తుతోంది. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, మిగతావాళ్లు సర్దుకుని నిలబడ్డారు. చిన్నవ్వ కొత్త ఏటి పాట అందుకోలేదు. మా అత్త సగంలో వదిలేసిన చిత్రభాను పాటే ఎత్తింది. సముద్రం ఒడ్డు బాంబులు, బర్మా బాట, బొంబాయి తుపాకులు ఒక్కొక్కటే వచ్చాయి. చివర ఆమె మమ్మల్ని చూసింది. "బొంబాయి పోయిన కొడుకు గట్టెక్కి నిలిచె" అని ఆగి, "చూసినమాటే చెల్లెలా" అని ముగించింది.

తర్వాత దీవెన. చిన్నవ్వ బావ పేరు పిలిచింది. నారు పట్టిన చేతులన్నీ ఆగి, వరుసంతా ఒక్క గొంతుతో "సల్లగుండాలె" అంది. చిన్నవ్వ పక్కన వదిలిన చోట బురదనీళ్లు మెల్లగా తేరుకుంటున్నాయి. ఆ చోటు నుంచి మాత్రం ఏ మాటా రాలేదు. తల్లి పలకకూడదు కదా.