చలి కోసం కొండెక్కిన చెట్టు

నిన్న సాయంత్రం, నేను ఇదివరకు పనిచేసిన కొండ మీది ఇంట్లో తోటపని చేసే అన్న, కింద పట్నంలో మబేలాలోని మా రూమ్‌కు వచ్చి ఒక అట్టపెట్టె చేతిలో పెట్టాడు. "దుప్పటి పిల్లకిచ్చి రమ్మన్నది పెద్దమ్మ" అన్నాడు నవ్వుతూ. మూత తీయగానే వచ్చిన వాసనకు, చదువుతున్న పుస్తకం పక్కన పెట్టేశాను. ఆప్రికాట్లు.

నాలాగా చిన్న వయసులోనే ఇంటిపనికి ఈ దేశం వచ్చినవాళ్లకు, ఒమాన్ అంటే ఎండేనని నమ్మి పల్చటి బట్టలు సర్దుకోవడం గుర్తుండే ఉంటుంది. నన్నేమో జబల్ అఖ్దర్ కొండ మీద, తెల్లవారేసరికి బకెట్లో నీళ్లపై మంచుపొర కట్టే ఇంట్లో దించారు. మెట్లుమెట్లుగా ఉన్న తోటలో ఆకు ఒక్కటీ లేని ఆప్రికాట్ చెట్టొకటి కనిపించింది. మా కడప వైపు ఆకులు రాలేది ఎండకే కాబట్టి, పాపం ఇది చలికి చచ్చిపోతోందని నా దుప్పటి తెచ్చి దాని మొదలుకు చుట్టి తాడు కట్టాను. కరీంనగర్ వైపు మనిషైన ఆ అన్న చూసి, "ఏంది చెల్లె, చెట్టుకు సలిజరమొచ్చిందా? ఇగ కషాయం గూడ తాపు" అన్నాడు. మేమిద్దరం మాలో మాట్లాడుకునేటప్పుడు పెద్దమ్మ అనే ఆ ఇంటి ముసలావిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, దుప్పటి విప్పి నా భుజాల మీదే కప్పింది. చలి ఆ చెట్టుకు నిద్ర అని, నిద్ర చాలకపోతే పూత రాదని, కొంత అరబీలో కొంత సైగలతో చెప్పింది.

ఆ చెట్టు ఆవిడ అత్తగారు నాటింది. ఆవిడ కొత్తకోడలిగా ఉన్నప్పుడు కొమ్మ కనపడనంతగా పూసేదట. నేనున్న ఏళ్లలో చలి తగ్గుతూ వచ్చి, ఒక కొమ్మ పూస్తే ఇంకో కొమ్మ మొద్దులా ఉండేది. కొండ కింది వాలులో, చల్లటి చోటే బతికే జునిపెర్ చెట్లు ఎండిపోతుంటే, పై వాలులో మాత్రం పచ్చగా ఉండేవి. ఆవిడ కొడుకు ఆప్రికాట్ కొట్టేసి, ఎండకు ఓర్చే ఆలివ్ పెడదామన్నాడు. ఆవిడ వాదించలేదు. చెట్టు నడవలేదు, నాకు కాళ్లున్నాయి కదా అని, ఆ చెట్టు కొమ్మలు కొన్ని కోసి తడిగుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, నొప్పులు పుట్టే మోకాళ్లతో ఇంకా పైన, చలి ఎక్కువుండే తన చెల్లెలి తోటదాకా ఎక్కి, అక్కడి మొక్కలకు అంటు కట్టింది. ఆ ఏడాది అంట్లన్నీ ఎండిపోయాయి. మరుసటి చలికి మళ్లీ ఎక్కింది. అంత మౌనమైన పట్టుదలను నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

ఈసారి ఒకటి చిగురించింది. అది పూయకముందే నేను మబేలాకు మారాను. పాత చెట్టు చోట ఇప్పుడు ఆలివ్ ఉందట. ఈ పెట్టెలోవి పై చెట్టు మొదటి కాపు.

పళ్లు చిన్నవి, కొంచెం పులుపు. ఒకటి తింటూ, రేపు అక్కడా చలి తగ్గితే ఎలా, ఇంకా పైన కూడా తోటలున్నాయా అని అన్నను అడిగాను. "ఇగ యాడియి చెల్లె, ఆ మీద అంతా బండలే" అన్నాడు. అప్పుడు చలి తగలకూడదని చెట్టుకు దుప్పటి చుట్టాను. ఇప్పుడు చలినే దుప్పటిలా తెచ్చి కప్పగలిగితే ఎంత బాగుండును.