బ్రష్షు కడిగిన పీపాలు

సరుకు కొనడానికి వచ్చిన నలుగురి ముందు నా బావమరిదిని నిలబెట్టి, "పీపాలను ఏం చేశావు బాబాయ్?" అని వాడికి పనిచ్చిన ఆ పిల్ల అడిగినప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట ఇంకా పూర్తిగా చల్లారలేదు. చల్లారితే సగం మరిచిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

బావమరిది అంటే నా భార్య తమ్ముడు. అసలు పేరుతో పిలిస్తే వాడికే తెలియదు. అందరికీ వాడు 'బ్రష్షు'. పొట్టి మనిషి, పొడుగు చేతులు, నోట్లో నాలుక లేదు. పెద్ద బీరు ఫ్యాక్టరీలో పీపాల గదికి నేను మేస్త్రీగా ఉన్నప్పుడు నేనే తీసుకెళ్ళి పనిలో పెట్టాను. నేను చదివింది మా ఊరి బళ్ళో ఐదో తరగతి. అయినా ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ గది నా చేతి కింద నడిచింది. వాసన వస్తోందని ఒక్క పీపా వెనక్కి రాలేదు. రెండుసార్లు మేనేజరు చేతుల మీదుగా ప్రశంసా పత్రం, రిటైరైన రోజున గోడ గడియారం ఇచ్చారు. వేరే ఫ్యాక్టరీల మేస్త్రీలు వచ్చి నా పద్ధతి నోటుపుస్తకాల్లో రాసుకుపోయారు.

ఆ పద్ధతి ఇది. పీపాలో మరిగే నీళ్ళు, వాషింగ్ సోడా పోయాలి. బారెడు ఇనుప గొలుసు లోపలికి వదిలి, బిరడా బిగించి, వందసార్లు పొర్లించాలి. గొలుసు లోపలి చెక్కను గీకేస్తుంది. కడిగి ఆరబెట్టి, చివర గంధకం వత్తి వెలిగించి లోపల పొగ పెట్టాలి. ఆ తర్వాత అందులో పురుగు కాదు కదా, పురుగు ఊసు కూడా ఉండదు.

ఈ పనిలో బ్రష్షును మించినవాణ్ణి చూడలేదు. అంతా అయ్యాక బిరడా రంధ్రానికి ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక్క పీల్పు పీల్చేవాడు. బాగుంటే సుద్దతో గీత. లేకపోతే మళ్ళీ మొదటి నుంచీ. విచిత్రం ఏమిటంటే, ఇరవై ఏడేళ్ళు బీరు పీపాలు కడిగినవాడు బీరు చుక్క రుచి చూసి ఎరగడు.

ఫ్యాక్టరీ స్టీలు ట్యాంకులకు మారిపోయి పీపాల గది మూసేశాక, టైర్ల దుకాణం మీది తన అద్దె గదిలో ఆరు నెలలు ఖాళీగా కూర్చున్నాడు. కూర్చున్నాడనడం తప్పు. భార్య తోమిన గిన్నెలే మళ్ళీ తోమాడు. "ఎక్కడైనా పని చూడండి అన్నయ్యగారూ, ఇంట్లో గిన్నెలు అరిగిపోతున్నాయి" అని ఆవిడ నా దగ్గర మొరపెట్టుకుంది.

అప్పుడు దొరికింది పొలాల అంచున ఉన్న ఆ చిన్న బీరు షెడ్డులో పని. యజమాని ముప్ఫై ఏళ్ళ పిల్ల, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని తిరుగుతుంది. ఆమె చేసేది ఫామ్‌హౌస్ ఏల్. పూర్వం రైతులు కోతల రోజుల్లో తాగడానికి ఇంటి దగ్గరే కాచుకున్న రకం బీరు అది. అందులో ఆల్‌బుఖారా పళ్ళు పిసికి వేసి, ఆరు పాత పీపాల్లో నెలల తరబడి ఊరనిస్తుంది.

చేరిన నెలలోనే బ్రష్షు మా ఇంటికి వచ్చాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, పీపాల్లో టార్చి వేసి చూశాను. చెక్కకి తెల్లగా పొర పట్టేసి ఉంది. చన్నీళ్ళతో తొలిపి వదిలెయ్యమంటోంది ఆ అమ్మాయి. నాకు ముద్ద దిగట్లేదు."

"ఒరేయ్, ఆ పిల్ల పాలు తాగేనాటి నుంచీ మనం పీపాలు కడుగుతున్నాం. మకిలి మకిలే. సోడా వెయ్యి" అన్నాను. అటక మీద దాచుకున్న నా గొలుసు కూడా దించి ఇచ్చాను.

ఆ మాట నాది. గుర్తుంచుకోండి.

ఏడాది తిరిగింది. కొత్త ఏల్ రుచి చూడటానికి దుకాణాలవాళ్ళు వస్తున్నారని, నన్నూ రమ్మని బ్రష్షు పిలిచాడు. ఆదివారం మధ్యాహ్నం. తడి సిమెంటు నేల, పొడుగు చెక్కబల్ల, దాని మీద బొటనవేలంత గ్లాసులు. ఆ పిల్ల ముందు కిందటేటి సీసా ఒకటి తెరిచి అందరికీ పోసింది. నేనూ తాగాను. ముందు పులుపు దవడలు గుంజింది. తర్వాత పండు తొక్క వగరు, దాని వెనక ఎండుగడ్డి వాసన. మింగేశాక కూడా అది నాలుక దిగలేదు.

తర్వాత, రుచి చూసేందుకు వీలుగా మొదటి పీపాకి కొట్టి ఉంచిన మేకు పటకారుతో లాగింది. సన్నటి ధార గ్లాసులో పడింది. రంగు బాగానే ఉంది. నోట్లో పోసుకుంటే, గుమ్మంలో పలకరించి లోపలికి రాకుండా వెళ్ళిపోయిన చుట్టంలా ఉంది. రెండో పీపా అంతే. మూడోదీ అంతే.

"ఇది పళ్ళు కడిగిన నీళ్ళమ్మా" అన్నాడు ఒక బట్టతల దుకాణదారు. మిగతావాళ్ళు నవ్వారు.

ఆ పిల్ల పటకారు కింద పెట్టి, పీపాలను ఏం చేశావని బ్రష్షును అడిగింది. వాడు తల వంచుకున్నాడు. నేను ఊరుకుంటానా?

"ఎవరిని అడుగుతున్నావో తెలుసా? ముప్ఫై ఒక్క ఏళ్ళలో మా గది నుంచి ఒక్క పీపా వెనక్కి రాలేదు! వీడు గీత పెట్టిన పీపాలో నువ్వు మకిలి చూపిస్తే నా చెవి కోయించుకుంటా!"

ఆమె అరవలేదు. అదే ఇంకా మండించింది.

"శుభ్రం లేదని నేననలేదు తాతగారూ. ఎక్కువైందేమోనని అడుగుతున్నా. నేను వేసే ఈస్టు పులియడం మొదలుపెట్టడానికే. మిగతా పనంతా చెక్కలో బతికే జీవాలు చేస్తాయి. ఆ తెల్లపొర వాటి ఇల్లు. ఆరేళ్ళు పెంచుకున్నాను."



"సోడా వేశానమ్మా. గంధకం కూడా పెట్టాను. నా బుద్ధి గడ్డి తింది" అన్నాడు బ్రష్షు.

"నేను వద్దన్నానుగా. ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ అన్లేదు."

"అయితే రేపటి నుంచి రావద్దు బాబాయ్."

నా కోపం ఆమెను వదిలి వాడి మీదికి తిరిగింది. నా వైపు వేలు చూపించి ఉంటే నేను పోట్లాడేవాణ్ణి, గెలిచేవాణ్ణి. వెధవ, నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. టైర్ల దుకాణం మీది గది, అరిగిన గిన్నెలు కళ్ళ ముందు తిరిగాయి.

"నోరు విప్పరా!" అని అరిచాను.

"నువ్వు ఊరుకో బావా."

నా పెళ్ళినాటి నుంచీ నన్ను ఊరుకోమని అనని మనిషి! నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

"నేను చెప్పాను! గొలుసు నాది, సోడా మాట నాది. పంపించాలంటే నన్ను పంపించు!"

"మీరు ఇక్కడ పని చెయ్యట్లేదుగా తాతగారూ" అంది. బట్టతలాయన గ్లాసులోకి నవ్వాడు. తర్వాత ఆమె బ్రష్షు వైపు తిరిగి, "ఆరూ కడిగేశావా?" అని అడిగింది, ఆశ లేకుండానే.

వాడు చెవి వెనక గోక్కున్నాడు. "అయిదే."

"ఏంటీ?" అన్నాను నేను.

"ఆరోది కడగలేదు బావా. బిరడా తీసి ముక్కు పెడితే... ఆ వాసనకి చేతులు రాలేదు. చన్నీళ్ళతో తొలిపి వదిలేశా. నీకు చెప్తే తిడతావని చెప్పలేదు."

సంతోషించాల్సిన చోట నాకు ఇంకా కోపం వచ్చింది. నా మాట కాదని, నా దగ్గరే దాచి, ఏడాది పాటు మా ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళాడు! తిట్టబోయేసరికి ఆ పిల్ల అప్పటికే ఆరో పీపా దగ్గర మేకు లాగుతోంది.

మొదటి గ్లాసు వాడికే ఇచ్చింది.

"నాకు అలవాటు లేదమ్మా."

"మింగకు. నాలుకకి తగిలించు చాలు."

వాడు తగిలించుకుని, పీపా దగ్గర మూసుకున్నట్టే కళ్ళు మూసుకున్నాడు. "అదేనమ్మా. ఆ రోజు వాసన ఇదే" అన్నాడు. బట్టతలాయన రుచి చూశాడు. గ్లాసు మళ్ళీ చాచాడు.

ఆ పిల్ల బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. "దీని అడుగు మడ్డి తీసి అయిదింటికీ వేస్తే, ఏడాదికో రెండేళ్ళకో దారిలో పడతాయి. రేపు ఎనిమిదింటికి రా బాబాయ్. ఇకమీదట దేన్ని ఎంత కడగాలో ముందు నీ ముక్కునే అడుగుదాం." ఆ తర్వాత నన్ను చూసింది. "తాతగారూ, మీ గొలుసు మీరు తీసుకెళ్ళిపోండి."

బస్సులో గొలుసు ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. ప్రతి గుంతకీ అది గలగలమంది, ప్రతివాడూ తిరిగి చూశాడు. ఇంట్లో సంగతంతా చెప్తే మా ఆవిడ, "ఇన్నాళ్ళకి మా తమ్ముడు మీ మాట ఒక్కటి వినలేదన్నమాట!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు ఆవిడతో మాట్లాడలేదు.

గొలుసు గడియారం కింద మేకుకి తగిలించాను. నా పద్ధతిలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. అది ఆ షెడ్డు పీపాలకి పనికిరాదు, అంతే. ఆ 'అంతే' అనడానికి నాకు వారం పట్టింది.

నిన్న బ్రష్షు ఆరో పీపాలోంచి ఒక సీసా నింపుకుని వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"కోపం తగ్గిందా బావా?"

"తగ్గలేదు. లోపలికొచ్చి రెండు గ్లాసులు తే."