ఐదేళ్ళు అవతలి జట్టు తరఫున

లేన్ కుబిచెక్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఐదేళ్ళు క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి అందుకుని విసిరేవాడిగా, ఉన్నాడు. ఉన్నాడనడమే తప్ప ఆడాడని ఎవరూ అనలేరు. నెబ్రాస్కాలో శనివారం ఆట ఉందంటే ఊరు ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది. ఆ శనివారాలన్నీ లేన్ గీత బయట నిలబడి గడిపాడు. అతని పనంతా సోమవారం నుంచి గురువారం దాకా.

ఆ పనేమిటంటే, వచ్చే శనివారం ఎవరితో ఆట ఉందో వాళ్ళ క్వార్టర్‌బ్యాక్‌లా ఆడి చూపించడం. సోమవారం రాగానే కోచ్ ఆస్టర్‌మన్ ఒక వీడియో, అవతలివాడి నంబరున్న చొక్కా చేతిలో పెట్టేవాడు. బంతి విసిరేముందు వాడు భుజం దించితే లేన్ కూడా దించాలి. వాడు కంగారుపడ్డప్పుడల్లా కుడివైపుకే పరిగెత్తేవాడైతే లేన్ కూడా కుడివైపుకే కంగారుపడాలి. సొంత జట్టువాళ్ళే అతన్ని పడగొట్టి పడగొట్టి సాధన చేసుకునేవారు. అసలు క్వార్టర్‌బ్యాక్ బ్రోడీకి మాత్రం ఎర్ర చొక్కా. ఎర్ర చొక్కా వేసుకున్నవాణ్ణి ప్రాక్టీసులో ఎవరూ ముట్టుకోకూడదు. లేన్‌ను పెట్టుకున్నదే పడగొట్టడానికాయె, అతనికెందుకిస్తారు?

"ఈ వారం నువ్వెవరివిరా?" అని భోజనాల దగ్గర టవీటా అడిగేవాడు. ఆటలో వంగి బంతిని వెనక్కి అందించే సెంటర్ అతను. ఇద్దరిదీ ఒకే గది.

"డకోటా వాణ్ణి. మోకాలు నొప్పి, నోరు పెద్దది."

"పోయిన వారం వాడికంటే నయం. నువ్వు వాడివైనన్నాళ్ళూ రాత్రి గురక కూడా మారిపోయింది."

నవ్వుకునేవారు. కానీ నాలుగో ఏడు వేసవిలో ఇంటి దగ్గర తండ్రి జీన్‌కి బంతి విసురుతుంటే, ఆయన పట్టుకుని కాసేపు చూసి, "ఇది ఎవరి విసురురా?" అన్నాడు. హైస్కూల్లో లేన్‌కంటూ ఒక విసురు ఉండేది. అదెప్పుడు పోయిందో కూడా తెలియదు. ఆ రోజు అతనికి నిజంగా భయం వేసింది. అప్పటినుంచి ఒకటే కోరిక: మానేసేలోగా అసలైన ఆటలో, తన నంబరు చొక్కాతో, ఒక్కసారి బంతి విసరాలి. ఎవరూ పట్టుకోకపోయినా సరే.

ఐదో ఏడు నవంబరులో సొంత మైదానంలో ఆఖరి ఆట. గెలిస్తే టైటిల్ తేల్చే ప్లేఆఫ్స్‌కి వెళతారు. ఇంకా రెండు నిమిషాలు కూడా లేవు. మూడు పాయింట్లు ముందున్నారు, బంతి తమ దగ్గరే ఉంది. అప్పుడు బ్రోడీ చీలమండ మెలిపడి కూలబడ్డాడు.

"కుబిచెక్, నువ్వు పో," అన్నాడు కోచ్. "మూడుసార్లు మోకాలు ఆనించు. ఇంకేం చెయ్యకు."

బంతి అందుకుని మోకాలు నేలకు ఆనిస్తే ఆట అక్కడికి ఆగుతుంది, గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి అవతలివాళ్ళ దగ్గర టైమౌట్లు లేవు. అలాంటప్పుడు ఎవరూ ఎవరి మీదా పడరు. అది రూలు కాదు, మర్యాద. అవతలివాళ్ళు నడుం మీద చేతులు వేసుకుని ఊరికే నిలబడ్డారు.

లేన్ ఒకసారి ఆనించాడు. రెండోసారీ ఆనించాడు. మూడోసారికి టవీటా వంగి, వెనక్కి తిరగకుండానే గొణిగాడు.

"ఎడమవైపు మనవాడి దగ్గర ఎవడూ లేడురా. విసిరెయ్యి. తిట్లు నేను తింటాలే."

లేన్ చూశాడు. నిజమే, ఎవరూ లేరు. ఐదేళ్ళుగా దేనికోసం దెబ్బలు తిన్నాడో అది ఇరవై గజాల దూరంలో ఖాళీగా ఉంది. బంతి చేతిలోకి వచ్చింది, వేళ్ళు దాని కుట్ల మీద కుదురుకున్నాయి. ఎదురుగా నిలబడ్డ కుర్రాడి ముక్కునుంచి నెత్తురు కారుతోంది. వాడు తనని నమ్మి చేతులు దించేశాడు.

"వద్దులేరా. అందరూ అలిసిపోయారు," అని మోకాలు ఆనించాడు.

గడియారం అయిపోయింది. జనం మైదానంలోకి దూకి బ్రోడీని భుజాలమీద ఎత్తుకున్నారు.

గేటు దగ్గర జీన్ నిలబడి ఉన్నాడు. ఐదు గంటలు ట్రక్కు నడుపుకుంటూ వచ్చాడాయన. ఆట వివరాలు అచ్చువేసి పంచిన కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చూశాడు.

"నీ పేరు లేదేంట్రా? ఆడావుగా, నేను చూశానుగా."

"కాలేజీ ఆటలో మోకాలు ఆనిస్తే ఆడినవాడి పేరున రాయరు నాన్నా, జట్టు పేరున రాస్తారు. అదిగో కింద. వెనక్కి తగ్గిన లెక్క, మైనస్ నాలుగు గజాలు."

జీన్ ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కొడుకు మెడ మీద చెయ్యి వేసి, "ఇంక ఇంటికొచ్చెయ్ రాదూ," అన్నాడు.

"రావాలనే ఉంది నాన్నా. చాలా అలిసిపోయాను. కానీ గెలిచాంగా. ప్లేఆఫ్స్‌లో తగిలేవాడు ఎడమచేతి వాటంవాడట. సోమవారం నుంచి నేను వాడినవ్వాలి."