కేసులో లేని బావమరిది

మొన్న ఆదివారం మా మేనకోడలు హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. ఈ మధ్యే ఎంబీఏలో చేరింది. "మామయ్యా, కేసు స్టడీ ఒకటిచ్చేరు. ఎన్నిసార్లు చదివినా ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు. నువ్వూ ఇదే చదివేవుగా, చెప్పవా" అంది. నేను గంభీరంగా గొంతు సవరించుకున్నాను గానీ, మాట బదులు నవ్వొచ్చేసింది. కేసు స్టడీ అనగానే నాకు పాఠం కాదు, ఒక బావమరిది గుర్తుకొస్తాడు. నా బావమరిది కాదు. ఆ మాటకొస్తే ఎవరి బావమరిదీ కాదు.

నేను అమలాపురంలో ఎంబీఏ చదివే రోజుల్లో కేసు స్టడీ పేపరు ఒకసారి తప్పాను. రెండోసారి పరీక్షకి వెళ్ళేనాటికి భీమవరంలో రొయ్యల మేత కంపెనీవాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు, పాసైతేనే. కొత్తపేట సెంటర్లో మాకు బట్టల కొట్టుండేది. "ఈసారీ పోతే వచ్చి కొట్లో కూర్చో. చీరలు మడతపెట్టడానికి పరీక్షలుండవు" అని నాన్న తేల్చేశారు. మా కొట్టుకొచ్చే ఆడవాళ్ళు బీరువా అంతా దింపించి, చివరికి "మళ్ళీ వస్తామండి" అని ఎంత మర్యాదగా వెళ్ళిపోయేవారో చిన్నప్పట్నించీ చూసినవాణ్ణి. ఆ పరీక్ష నాకు ప్రాణం మీదకొచ్చినట్టే ఉండేది.

మాకు కేసులు చెప్పే మాస్టారు మమ్మల్ని కూడా 'అండి' అనేవారు. "చూడగానే మందు రాసెయ్యకండి. ముందు జబ్బేవిటో కనుక్కోండి" అనేది ఆయన మొదటి మాట. మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చదవమనేవారు. తర్వాత, ఇందులో నిర్ణయం తీసుకోవాల్సింది ఎవరు, దేని గురించి అన్నది ఒక్క వాక్యంలో చెప్పమనేవారు. కాయితం మీద ఉన్నది ఒక పక్క, మన బుర్రలో పుట్టింది ఇంకో పక్క రాసుకోవాలి. కారణం దొరికాక దారులు వెతకాలి, ఒక్కో దారిలో వచ్చేదేమిటో పోయేదేమిటో చూసి ఒకటి పట్టుకుని నిలబడాలి. మేమంతా "ఆయ్" అనేవాళ్ళం. మా వైపు ఆయ్ అంటే విన్నామని అర్థం. వంటబట్టిందని హామీ లేదు.

ఈసారి పరీక్ష రాసేది కాదు, ఎదురుగా కూర్చుని నోటితో చెప్పేది. దానికి వారం ముందు కేసు ఇచ్చారు. ఎక్కడో ఉత్తరాదిన ఒక రొట్టెల కంపెనీ. కొత్త యంత్రం పెట్టాక అమ్మకాలు పెరగాల్సింది పోయి తగ్గాయి. పాత మేనేజర్ని ఉంచాలా మార్చాలా అని పెద్దాయన, అంటే యజమాని, తల పట్టుకున్నాడు. పైకి చదివితే బుర్రకెక్కుతుందని, ఇంటి వెనక వసారాలో కూర్చుని తెలుగులో చెప్పుకుంటూ చదివాను. అదే కొంప ముంచింది. పనసపొట్టు కొడుతున్న అమ్మ కత్తి ఆపి, "ఆ యజమాని గారు ఎవరి తాలూకురా?" అంది. మా వైపు మనిషి పేరు వినబడితే చాలు, వాళ్ళ తాతదాకా వెళ్ళందే సంగతి ముందుకు నడవదు. రాయలేదన్నాను. "మగపిల్లలు లేరా?" అదీ రాయలేదన్నాను. "లేరన్నమాట. అయితే బావమరిది చేరుంటాడు. వాడే తినేస్తున్నాడు" అంది.

మర్నాడు పక్కింటి అత్తయ్యగారు పెరుగు తోడుకోసం వచ్చి, బావమరిదికి పట్టు చొక్కా తొడిగి వెళ్ళారు. తర్వాత వాడికి బుల్లెట్టు వచ్చింది, రావులపాలెంలో పేకాట వచ్చింది. ఉత్తరాది కంపెనీవాడు రావులపాలెం ఎందుకొస్తాడని ఎవరూ అడగలేదు, నేను కూడా. మధ్యలో రొట్టెలు మోసే వ్యాన్ల గురించి ఒక పేరా వస్తే, "ఆ వ్యాన్ల గోల మనకెందుకురా, మేనేజరు గారి సంగతి చదువు" అంది అమ్మ. వదిలేశాను. వారం తిరిగేసరికి మేనేజరుకీ బావమరిదికీ మధ్య తగువు పెట్టి, తీర్చి, చేతులు కూడా కలిపించాం. నాన్న కూడా కొట్టునుంచి వస్తూనే "ఏవన్నాడ్రా వాడు?" అని అడిగి, విని పడీపడీ నవ్వేవారు.

పరీక్ష పెట్టడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఆయన ఎదుట నేను ఇంగ్లీషులో ధారాళంగా చెప్పేశాను. అమ్మకాలు పడిపోవడానికి మూలకారణం యజమాని బావమరిది అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తెలుగులోకి దిగిపోయారు. "బావమరిదా? ఏ పేజీలో ఉన్నాడండి?"

పేజీలు తిప్పాను. వెనక్కి తిప్పాను. భీమవరం కళ్ళముందే దూరమైపోతోంది. పక్కన మాస్టారు కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తున్నారు. చివరికి, "పేజీలో లేడండి. మా ఇంట్లో ఉన్నాడు" అన్నాను.

ఆయన నవ్వాపుకోడానికి మంచినీళ్ళు తాగారు. "సరే, అతన్ని తీసేసి చెప్పండి" అన్నారు. తీసేస్తే నా దగ్గర కారణమే మిగల్లేదు. దిక్కుతోచక కాయితం వైపే చూశాను. వ్యాన్ల పేరా కనబడింది. కొత్త యంత్రం వేడెక్కడానికి టైం పడుతోందట, వ్యాన్లు ఆలస్యంగా బయల్దేరుతున్నాయట. తడబడుతూ అన్నాను: "రొట్టెలు టిఫిన్ల వేళ దాటాక కొట్లకి చేరుతున్నాయండి. మేనేజర్ని మార్చినా అంతేనండి. యంత్రం పెందలాడే వెలిగించాలండి." మాస్టారు కిటికీ వదిలి నావైపు తిరిగారు. బొటాబొటీగా పాసయ్యాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ సంతోషించి, వెంటనే దిగులు పడింది. "మరి బావమరిదిని ఏం చేసేర్రా?"

"తీసేసేమమ్మా."

"అయ్యో, అంత పని చేసేరా? పిల్లలున్నవాడేమోరా!"

ఇదంతా మేనకోడలికి చెప్పి, కాయితం మీద ఉన్నదే నమ్మమన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం దిగులేసింది. నాన్న లేరు. కొట్టు చేతులు మారి మొబైల్ షాపైంది. ఆ సాయంత్రాలు నాన్న నిజంగా అంత నవ్వేవారా, లేక నవ్వుంటే బావుండునని నేనే కలుపుకున్నానా, ఇప్పుడు చెప్పలేను. ఏ పేజీలో ఉందని అడిగేవాళ్ళు లేనంత దూరం తీసుకొచ్చాక, కాలం మనకి ఏది కావాలంటే అది రాసుకోనిస్తుంది.